కాందిశీకులు – పొరుగువారి పూనిక

"కాందిశీకుడు" అను మాట మనము పత్రికలలో తరచుగా చూచుచుందుము. దాని పుట్టుకను విచారించువారు తక్కువ. సంస్కృతమున "కాం దిశమ్" అనగా "ఏ దిక్కునకు" అని అర్థము. ఏ దిక్కునకు పోవుదునని భయముతో పరుగెత్తువాడు కాందిశీకుడని పెద్దలు వ్యుత్పత్తి చెప్పిరి. ఇల్లు పోయినదనిగాని, ధనము పోయినదనిగాని ఆ మాటలో లేదు. దిక్కు తోచకపోవుటయే దానికి ప్రాణము. కావున అట్టివానికి చేయదగిన మొదటి ఉపకారము దిక్కు చూపుట. ఆ పని ఒక్కరివలన నెరవేరునా, చుట్టుపట్ల వారందరు చేయి కలిపినగాని కాదా అనునదే ఈ వ్యాసమున విచారింపబడు విషయము.

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు చరిత్ర విషయమేదైన వ్రాయుడని సంపాదకవర్గమువారు కోరిరి. రాజుల జయాపజయములను వ్రాయుటకు పండితులు పెక్కుమంది కలరు. నేను గ్రామలెక్కలు వ్రాయువాడను. ఏ భూమి ఎవరి పేర నున్నది, ఎవరు ఊరు విడిచిరి, ఎవరు క్రొత్తగా వచ్చి చేరిరి అను ప్రశ్నలు నా వృత్తిలో నిత్యము ఎదురగుచుండును. ఆ కారణమున తమ ఊరు విడువవలసి వచ్చినవారి చరిత్రపై నాకు మొదటినుండి ఆసక్తి కలదు. అందు మన తెలుగువారికి సంబంధించిన ఘట్టములు కొన్ని చదువరుల ముందుంచుచున్నాను.

పూర్వకథలలో ఆశ్రయము

భారతకథలో పాండవులు రెండు పర్యాయములు నిలువనీడ లేనివారైరి. మొదట లక్కయింటి మంటలనుండి తప్పించుకొని, తల్లితోకూడ ఏకచక్రపురమున నొక బ్రాహ్మణుని యింట తలదాచుకొనిరి. ఆ యింటివారికి బకాసురుని వలన ఆపద రాగా భీముడు వానిని చంపి ఊరినే కాపాడెను. ఆశ్రయము పొందినవాడు ఆ ఊరికి బరువు కాలేదు, బలమయ్యెను. రెండవ పర్యాయము అజ్ఞాతవాసమునకై విరాటుని కొలువు చేరిరి. మన నెల్లూరి కవియైన తిక్కన సోమయాజి తన భారతరచనను ఆరంభించినది ఈ విరాటపర్వముతోనే. అచ్చట ఎవరికి వచ్చిన పని వారికి దొరకినది. ధర్మరాజు సభలో చేరెను, భీముడు వంటశాలలో, అర్జునుడు నాట్యశాలలో, నకులుడు గుఱ్ఱములశాలలో, సహదేవుడు గోవుల మందలో చేరిరి, ద్రౌపది అంతఃపురమున సైరంధ్రి యయ్యెను. విరాటుడు వారికి అన్నము పెట్టి ఊరకుండలేదు, పని చూపించెను.

మన సీమ చరిత్రలోను ఇట్టి ఘట్టమొకటి కలదు. పదమూడవ శతాబ్దిలో నెల్లూరు నేలిన మనుమసిద్ధి శత్రువులచే రాజ్యము గోల్పోగా, తిక్కన ఓరుగంటికి పోయి కాకతి గణపతిదేవుని సాయము వేడెననియు, గణపతిదేవుడు సేనతో వచ్చి అతనిని మరల నిలిపెననియు సిద్ధేశ్వర చరిత్రము చెప్పుచున్నది. పొరుగువాడు పూనుకొన్నచో పోయిన స్థానము మరల దొరకుననుటకు ఇది నిదర్శనము.

అయితే ఇవన్నియు కొద్దిమందికి సంబంధించిన కథలు. విరాటుని వాకిట నిలిచినవారు ఆరుగురే. ఆరుగురికి మారుగా ఆరువేలు, అరువదివేలు వచ్చి నిలిచినచో ఒక్క విరాటుని కొలువు చాలునా? ఈ ప్రశ్న మన తెలుగువారికి ఇరువదవ శతాబ్దిలో రెండు పర్యాయములు ఎదురయినది. రెండు పర్యాయములును వారు వచ్చినది ఒక్క దేశమునుండియే. అది బర్మా.

కోరంగి నుండి రంగూనునకు

1852లో ఆంగ్లేయులు దిగువ బర్మాను, 1885లో మాండలేను పట్టుకొనిరి. 1869లో సూయజు కాలువ తెరచిన పిమ్మట బర్మా బియ్యమునకు ఐరోపాలో గిరాకి పెరిగెను. అడవి కొట్టి వరి పండించుటకు, మిల్లులలో దంచుటకు, రేవులో బస్తాలు మోయుటకు మనుష్యులు కావలసి వచ్చిరి. అంతట విశాఖపట్టణము, గోదావరి మండలములనుండి కూలివారు ఓడలెక్కిరి. కాకినాడ, విశాఖపట్టణము, భీమునిపట్టణము, కళింగపట్టణము రేవులు ఆ రాకపోకలతో కళకళలాడెను. మేస్త్రీలు ముందుగా కొంత సొమ్ము చేతిలో పెట్టి తీసికొనిపోవుదురు. తరువాత ఆ బాకీ కూలిలో విరుగుచుండును. బాకీ తీరునప్పటికి మరియొక బాకీ తయారగును.

బర్మావారు మన తెలుగువారిని "కోరంగీలు" అని పిలిచిరి. గోదావరీ ముఖమున కాకినాడ చేరువనున్న కోరంగి ఒకప్పుడు గొప్ప రేవు. 1839 నాటి తుపానులో అది పాడయ్యెను. ఊరు పాడయినను పేరు సముద్రము దాటి నిలిచినది. 1931 జనాభా లెక్కలలో బర్మాలోని భారతీయులు 10 లక్షలకు పైబడిరి. రంగూను నగరమునందలి నాలుగు లక్షల జనములో సగమునకు మించినవారు భారతీయులే. రేవుకూలి, రిక్షాలాగుడు, పాకీపని మొదలగు బరువు పనులలో తెలుగువారు మెండుగా నుండిరి.

అన్యదేశమున ఇంతమంది చేరినప్పుడు స్థానికులకు కంటగింపు కలుగుట సహజము. బర్మా రైతు భూమి చెట్టియార్ల అప్పుల క్రింద పోవుచుండెను. బర్మా కూలివానికి రేవులో చోటు లేకుండెను. ఆ కోపము అప్పిచ్చినవానిపై కంటె చేతికందిన కూలివానిపై పడినది. 1930 మే నెలలో రంగూను రేవున తెలుగు కూలివారు సమ్మె చేసిరి. ఓడ సరుకు కంట్రాక్టరులు బర్మావారిని పనిలోనికి తీసికొనిరి. రాజీ కుదిరి తెలుగువారు తిరిగిరాగా బర్మావారిని పొమ్మనిరి. ఆ దినముననే కొట్లాట మొదలై పలు దినములు రక్తపాతము జరిగినది. ఇరువురను పనిలో పెట్టుకొన్నవారు సుఖముగా నుండిరి, పనివారు ఒకరినొకరు చంపుకొనిరి. 1938లో మరల అల్లరులు చెలరేగెను.

1937 ఏప్రిల్ 1వ తేదీన బర్మా భారతదేశమునుండి వేరుచేయబడినది. అంతవరకు ఒక్క ప్రభుత్వము క్రింద నుండిన కూలివాడు నాటినుండి పరదేశి యయ్యెను. 1941 జూలైలో రెండు ప్రభుత్వములు వలసవారిని గూర్చి ఒడంబడిక వ్రాసికొన్నవి. ఆ వ్రాతలో రేవున కష్టపడువాని మాటకు చోటు లేదు. అతనిని అడిగినవారు లేరని దేశమంతట నిరసన కలిగెను. ఆ ఒడంబడిక అమలునకు రాకమునుపే యుద్ధము వచ్చి పడినది.

1942 నాటి కాలినడక

1941 డిసెంబరు 23వ తేదీన జపానువారి విమానములు రంగూనుపై బాంబులు వేసినవి. రేవుకూలివారు పెక్కుమంది చనిపోయిరి. బ్రతికినవారు నగరము విడిచి ఉత్తరముగా ప్రోము దారి పట్టిరి. వారు పోయినచో రేవు ఆగిపోవునని అధికారులు నచ్చజెప్పియు అడ్డగించియు అనేకులను వెనుకకు మరల్చిరి. ఓడలలో చోటు డబ్బున్నవారికే దొరకినది. 1942 మార్చి 8వ తేదీన రంగూను శత్రువుల వశమయ్యెను. ఇక మిగిలినది కాలినడక.

కొందరు టాంగప్ కనుమ దాటి అరకాను తీరము పట్టి చిట్టగాంగు చేరిరి. కొందరు తాము దారిని మణిపురమునకు, అచ్చటనుండి డిమాపూరునకు నడచిరి. కడపట బయలుదేరినవారు హుకాంగ్ లోయ గుండ అస్సామునందలి లీడోకు పోవలసి వచ్చినది. అది వానల కాలము, దారి పొడవున బురద, జలగలు, చలిజ్వరము, కలరా. ఈ దారులలోను, సముద్రముమీదను కలిసి నాలుగు లక్షలకు పైబడిన జనము భారతదేశము చేరినది. దారిలో కూలినవారు వేలకొలది. వారి లెక్క ఎవరును సరిగా వ్రాయలేదు. లెక్క వ్రాయు వృత్తిలోనున్న నాకు ఇంతకంటె బాధాకరమైన మాట లేదు. తెల్లవారికి సుఖమైన దారి, నల్లవారికి కష్టమైన దారి కేటాయించిరను ఆరోపణ అప్పుడే పుట్టి దేశమంతట ప్రాకినది.

ఆ కష్టములో ఆదుకొన్నదెవరు? అస్సాము తేయాకు తోటలవారి సంఘము తమ కూలివారిని పంపి దారులు వేయించినది, శిబిరములు కట్టించినది, గంజి కాయించినది. స్వచ్ఛంద సంఘములు చేతనయినంత చేసినవి. కాని బర్మా ప్రభుత్వమునకును భారత ప్రభుత్వమునకును నడుమ ముందుగా ఏర్పరచుకొన్న పద్ధతి యొకటి లేదు. వచ్చినవారిని ఏ రాష్ట్రము ఎంతమందిని తీసికొనవలెను, పని ఎవరు చూపవలెను అను నిర్ణయము లేదు. కలకత్తానుండి రైలెక్కి మన ఉత్తర మండలములు చేరినవారు తమ చుట్టముల యిండ్లపై పడిరి. ఆ చుట్టములును పేదవారే. అదే 1942 ఏప్రిల్ 6వ తేదీన విశాఖపట్టణముపై, కాకినాడపై బాంబులు పడినవి. ఆ నెలలోనే మద్రాసు నగరమునుండి జనము వేలకు వేలుగా లోపలి ఊళ్ళకు తరలిపోయినది. పోవువారు, వచ్చువారు దారిలో ఎదురుపడిన కాలమది. ఎవరి దిక్కు వారు చూచుకొనుటయే ఆనాటి నీతి.

రెండవ రాక

యుద్ధానంతరము అనేకులు మరల బర్మాకు పోయిరి. ఇచ్చట బ్రతుకుతెరువు దొరకకపోవుటయే దానికి కారణము. 1948 జనవరి 4వ తేదీన బర్మా స్వతంత్రమయ్యెను. 1962 మార్చి 2వ తేదీన సేనాని నీ విన్ ప్రభుత్వమును చేజిక్కించుకొనెను. 1963లో బ్యాంకులు, 1964లో అంగళ్ళు జాతీయము చేయబడెను. 1964 మే 17వ తేదీన ఏబది, నూరు క్యాట్ల నోట్లు చెల్లవని ప్రకటింపబడెను. రాత్రి పెట్టెలో దాచినది తెల్లవారునప్పటికి చిత్తు కాగితమయ్యెను. మూడు తరములుగా అచ్చట స్థిరపడినవారు సయితము కట్టుబట్టలతో ఓడలెక్కిరి. ఆ ఓడలు మద్రాసులోను, విశాఖపట్టణములోను, కలకత్తాలోను జనమును దించినవి. కొన్ని యేండ్లలో లక్షన్నరకు మించినవారు ఇట్లు వచ్చిరి.

అదే సమయమున దక్షిణమునుండి మరియొక వరుస సిద్ధమగుచుండెను. సింహళమునందలి తేయాకు తోటలలో తరతరములుగా పనిచేసిన భారత సంతతివారికి 1948 నాటి పౌరసత్వ చట్టము అచ్చటి పౌరసత్వమును లేకుండ చేసినది. 1964 అక్టోబరు 30వ తేదీన మన ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రియు, సింహళ ప్రధాని సిరిమావో బండారనాయకయు ఒడంబడిక చేసికొనిరి. ఏ దేశపు పౌరసత్వమును లేక నిలిచిన 9,75,000 మందిలో 5,25,000 మందిని భారతదేశమును, 3,00,000 మందిని సింహళమును తీసికొనుటకు నిశ్చయమయ్యెను. మిగిలిన 1,50,000 మందిని 1974లో చెరిసగముగ పంచుకొనిరి.

మనుష్యులను ధాన్యపు బస్తాలవలె పంచుకొనుట న్యాయమా యని చదువరులు అడుగవచ్చును. ఆ ప్రశ్న సరియైనదే. ఆ తోటలవారిని ఏ దేశమునందుండ గోరెదరని మొదట అడిగి యుండవలసినది. అయినను 1942తో పోల్చి చూచినచో ఒక భేదము కలదు. ఈసారి రానున్నవారి సంఖ్య ముందుగా తెలిసినది, కావున ఏర్పాటు చేయుటకు గడువు దొరకినది. ఆ గడువును దక్షిణ రాష్ట్రములు వ్యర్థము చేయలేదు.

భారము పంచుకొన్న విధము

ఓడ దిగిన రేవు మద్రాసు కావచ్చును, విశాఖపట్టణము కావచ్చును. వచ్చినవారందరు ఆ రేవుననే నిలిచిపోయినచో ఆ నగరమునకు ఊపిరాడదు, వారికి పని దొరకదు. కావున కేంద్ర ప్రభుత్వము ఖర్చులో భాగము వహించి, దక్షిణ రాష్ట్రములు మనుష్యులను, పనులను పంచుకొనవలెనను పద్ధతి ఏర్పడినది. రేవు దగ్గర తాత్కాలిక శిబిరము, కొన్నాళ్ళు భత్యము, పిమ్మట వ్యాపారమునకు అప్పు, ఇంటికి అప్పు, లేదా తోటలలో, మిల్లులలో ఉద్యోగము. ఇది దాని స్థూలరూపము.

తమిళనాడు 1968లో నీలగిరులందు ప్రభుత్వ తేయాకు తోటలు మొదలుపెట్టి సింహళమునుండి వచ్చినవారికి పని చూపినది. కేరళలో 1972 నుండి పునలూరు ప్రాంతమున రబ్బరు తోటలు వేయించిరి. కర్ణాటకమున సుళ్యా, పుత్తూరు ప్రాంతములలో రబ్బరు తోటలు వారికి ఆధారమైనవి. బర్మానుండి వచ్చిన వ్యాపారులకు మద్రాసు రేవు ఎదుట బర్మా బజారు వెలసినది. అచ్చట "అత్తో" అను బర్మా వంటకము నేటికిని అమ్ముచున్నారు. తెలుగువారు మన రాష్ట్రమునకు వచ్చిరి. విశాఖపట్టణమున కంచరపాలెము వైపు "బర్మా క్యాంపు" అను పేట ఆ చరిత్రకు నేటికిని సాక్షిగా నున్నది. శిబిరమున్నచోట ఇండ్లు లేచినవి, బడులు లేచినవి, పేరు మాత్రము మారలేదు. తేయాకు కోయుట వచ్చినవానికి తోట, బేరమాడుట వచ్చినవానికి అంగడి. విరాటుని కొలువు నీతి ఇచ్చట నాలుగు రాష్ట్రములకు విస్తరించినదని చెప్పవచ్చును.

ఈ ఏర్పాటులన్నిటిలో నాకు మిక్కిలి ముఖ్యముగా తోచునది 1969లో మద్రాసున నెలకొల్పబడిన సహకార బ్యాంకు. బర్మా, సింహళములనుండి తిరిగివచ్చినవారి కొరకే అది ఏర్పడినది. దానిని "రెప్కో" బ్యాంకని వ్యవహరింతురు. దాని మూలధనములో కేంద్ర ప్రభుత్వముతో పాటు తమిళనాడు, ఆంధ్రప్రదేశ్, కేరళ, కర్ణాటక ప్రభుత్వములు వాటాలు తీసికొన్నవి. తిరిగివచ్చినవారు దానిలో సభ్యులు. అది నేటికిని నడచుచున్నది.

బ్యాంకు ఎందుకింత ముఖ్యమని అడుగుదురేమో. గ్రామమున అప్పు పుట్టు విధము మనకందరకు తెలిసినదే. పట్టా చూపుమందురు, అడంగలులో పేరున్నదా యందురు, హామీదారు ఎవడందురు. ఓడ దిగినవానికి పట్టా లేదు, అడంగలులో పేరు లేదు, వానిని ఎరిగిన హామీదారు ఊరిలో లేడు. అట్టివానికి దానము చేయువారు దొరకవచ్చును గాని అప్పిచ్చువాడు దొరకడు. దానము ఒకనాటి ఆకలి తీర్చును. మరునాడు మరల చేయి చాపవలసినదే. అప్పు పుచ్చుకొని తీర్చువాడు తలయెత్తుకొని నడచును. నాలుగు రాష్ట్రములు కలిసి ఆ హామీదారు స్థానమున నిలిచినవి. అనగా ఇతడు మావాడే, ఇతని మాటకు మేమున్నాము అని నాలుగు ప్రభుత్వములు వ్రాసి యిచ్చినట్లే. దిక్కు చూపుట యనగా ఇదియే.

లోపములు

మంచిని చెప్పునప్పుడు కొరతలను దాచుట చరిత్రకారునకు తగదు. ఇచ్చిన అప్పులు పెక్కుచోట్ల చాలలేదు. బర్మాలో పుట్టి పెరిగిన పిల్లలకు తెలుగు మాటలు వచ్చినను తెలుగు అక్షరములు రాలేదు. స్వదేశమునకు వచ్చియు వారు "బర్మావారు" అను పేరుననే చాలకాలము పిలువబడిరి. అచ్చట కోరంగీలు, ఇచ్చట బర్మావారు. రెండు తీరములందును పరాయివారగుట కంటె వేరు కష్టమేమున్నది? 1984లో తలైమన్నారు–రామేశ్వరము నడుమ పడవ ఆగిపోగా, భారత పౌరసత్వము పొందియు రాలేనివారు అచ్చటనే చిక్కుకొనిరి. వారి సమస్య 2003లో శ్రీలంక చేసిన చట్టము వరకు తీరలేదు.

కలిసి పంచుకొన్నంత మాత్రమున అన్నియు చక్కబడవనుటకు దండకారణ్యము నిదర్శనము. తూర్పు బెంగాలునుండి వచ్చినవారి కొరకు 1958లో మధ్యప్రదేశ్, ఒడిస్సా అడవులలో ఆ యోజన ఆరంభింపబడెను. నీటి నేలలో చేపలు పట్టుచు వరి పండించినవారిని రాతినేలలో దింపిరి. మీకిది సమ్మతమా యని అడిగినవారు తక్కువ. 1978లో వేలాదిమంది ఆ నేల విడిచి సుందరవనములలోని మరిచఝాపి దీవికి పోయిరి. 1979లో అచ్చటనుండి బలవంతముగా వెడలగొట్టబడిరి. పంచుకొనుటలో మూడవ భాగస్వామి ఒకడు కలడు. అతడే వచ్చినవాడు. అతనిని లెక్కలోనికి తీసికొనని పంపకము నిలువదు.

మరియొక పోలిక చూడుడు. 1983 జూలైలో శ్రీలంకయందు జరిగిన మారణకాండ తరువాత తమిళులు పడవలపై పారివచ్చిరి. 2012 వరకు ఇట్లు వచ్చినవారు మూడు లక్షలకు పైబడిరి. వీరు ఒడంబడికపై వచ్చినవారు గారు, పౌరసత్వము గలవారును గారు. వీరి భారము దాదాపుగా తమిళనాడు ఒక్కదానిపైననే పడినది. మన తీరమునకు దక్షిణమున, చెన్నపట్టణము దారిలోని గుమ్మిడిపూండిలో వారి శిబిరమొకటి కలదు. కొందరు తిరిగిపోయిరి. అనేకులు నేటికిని శిబిరములలోనే యున్నారు. వారి పిల్లలు ఇచ్చటనే పుట్టి, ఇచ్చటనే చదివి, ఏ దేశమువారమని చెప్పుకొనుటకు తడుముకొనుచున్నారు. 1964 తరువాత వచ్చినవారి మనుమలు మన నడుమ కలిసిపోయిరి. 1983 తరువాత వచ్చినవారి మనుమలు శిబిరపు హద్దులలో నుండిరి. ఈ భేదమునకు చట్టము ఒక కారణము. భారము ఒక్క భుజముపై మిగిలిపోవుట మరియొక కారణము.

ఆసియా దేశముల మాట

రాష్ట్రములు పంచుకొనుట యట్లుండగా, దేశములు పంచుకొనుటకు ప్రయత్నము జరుగలేదా యందురేమో. జరిగినది. 1956లో ఏర్పడిన ఆసియా–ఆఫ్రికా న్యాయ సంప్రదింపుల సంఘము 1966లో బాంకాకున సమావేశమై కాందిశీకుల విషయమున కొన్ని సూత్రములను అంగీకరించినది. ప్రాణభయముతో వచ్చినవానిని ఆ భయమున్న దేశమునకు మరల త్రోయరాదు. తన దేశమునకు తిరిగిపోవు హక్కు అతనికి కలదు. అతడు కోల్పోయినదానికి వెడలగొట్టిన దేశము పరిహారమీయవలెను. ఇవి అందు ముఖ్యములు. 1987లో భారము పంచుకొనుటను గూర్చిన సూత్రములను కూడ చేర్చిరి. ఆ సంఘమును స్థాపించిన దేశములలో భారతదేశముతో పాటు బర్మాయు, సింహళమును ఉండుట గమనింపదగినది. ఎవరు వెడలగొట్టిరో, ఎవరు చేర్చుకొనిరో వారందరు ఒక్క పీటపై కూర్చుండి ఆ మాట చెప్పిరి. అయితే ఆ సూత్రములకు కట్టుబడవలెనను నిర్బంధము లేదు. సాక్షి సంతకము లేని పత్రము వంటివవి. అయినను పత్రము వ్రాయబడినది గనుక రేపు ఒకడు దానిని చూపి అడుగవచ్చును.

మన తీరము

ఇంతవరకు చెప్పినది సముద్రము దాటి వచ్చినవారి మాట. ఊరు కదలకుండగనే ఊరు పోగొట్టుకొన్నవారు మన తీరముననే కలరు. పులికాటు సరస్సునకును సముద్రమునకును నడుమనున్న శ్రీహరికోట 1969లో రాకెట్ల కేంద్రమునకై ఎన్నుకొనబడెను. 1971 అక్టోబరు 9వ తేదీన అచ్చటినుండి మొదటి రాకెట్టు లేచినది. అది దేశమునకు కీర్తి తెచ్చిన కార్యము. ఆ దీవి అడవిలో దుంపలు, తేనె, మూలికలు, చేపలతో బ్రతికిన యానాదులు తమ చోటు విడువవలసి వచ్చిరి. అడవిపై వారికి పట్టా లేదు. కోల్పోయినది చూపుటకు కాగితము లేనివాడు ఏమియు కోల్పోనివానిగానే లెక్కలోనికి ఎక్కును. లెక్కల పనిలోనున్నవారందరు ఈ మాట జ్ఞాపకముంచుకొనవలెను.

నేడు ఆ ప్రశ్న మన గుమ్మములోనికే వచ్చినది. చెన్నై–బెంగుళూరు పారిశ్రామిక మార్గములో భాగముగ కృష్ణపట్నము పారిశ్రామిక ప్రాంతము మన చిల్లకూరు, కోట మండలముల భూములలోనే తలపెట్టబడి, 2025 జనవరిలో దానికి శంకుస్థాపన జరిగినది. పరిశ్రమలు రావలసినవే, మన పిల్లలకు పని దొరకవలసినదే. అట్టి కార్యములకు భూమి నిచ్చువారు పట్టాదారులు. ఆ భూమిపై బ్రతుకువారు వేరు. కౌలుదారు, కూలివాడు, గొఱ్ఱెల కాపరి, చెరువులో చేపలు పట్టుకొను యానాది ఆ రెండవ జాబితాలోనివారు. 2013 నాటి భూసేకరణ, పునరావాస చట్టము ఈ భేదమును గుర్తించినది. భూమి లేకపోయినను, సేకరణకు ముందు మూడేండ్లుగా ఆ భూమిపై ఆధారపడి బ్రతికిన కౌలుదారుని, కూలివానిని, అడవి సేకరణపై జీవించువానిని కూడ నష్టపోయిన కుటుంబముగా అది లెక్కించినది. చట్టమున నున్నది చదివినవానికి తెలియును. చదువలేనివానికి చదివి చెప్పవలసినవారెవరు?

ఇచ్చటనే మన గ్రంథాలయమునకు పని కలదు. రజతోత్సవ సందర్భమున కార్యవర్గమునకు రెండు విన్నపములు చేయుచున్నాను. మొదటిది, పునరావాసమునకు సంబంధించిన చట్టములు, ప్రభుత్వ ఉత్తరువులు తెలుగులో తెప్పించి ఒక బీరువాలో ప్రత్యేకముగ నుంచవలెను. వారమునకొక సాయంకాలము చదువు వచ్చినవారొకరు కూర్చుండి అడిగినవారికి చదివి చెప్పవలెను. రెండవది, మన ఊరిలోను, చుట్టుపట్ల ఊళ్ళలోను వేరుచోటునుండి తరలివచ్చి స్థిరపడినవారు కలరు. తుపానుకు వచ్చినవారు, ఆనకట్టల క్రింద ఊరు మునిగి వచ్చినవారు, అడవి విడిచి వచ్చినవారు. వారు ఏ ఊరినుండి ఎప్పుడు వచ్చిరి, ఏమి విడిచి వచ్చిరి, ఎవరు ఆదుకొనిరి అను సంగతులను వారి సమ్మతితో, వారి నోటనే విని ఒక పుస్తకమున వ్రాయించి భద్రపరుపవలెను. 1942లో హుకాంగ్ లోయలో కూలినవారి లెక్క లేకపోయినది. మన ఊరివారి విషయమున అట్టి కొరత రాకూడదు.

ఈ పని ఒక్క చిల్లకూరివలన పూర్తి కాదు. గూడూరు, కోట, వాకాడు, ముత్తుకూరు గ్రంథాలయములును చేయి కలిపినచో తీరమంతటికి ఒక లెక్క తయారగును. నాలుగు రాష్ట్రములు కలిసి ఒక బ్యాంకు పెట్టగలిగినప్పుడు నాలుగు ఊళ్ళ గ్రంథాలయములు కలిసి ఒక పుస్తకము వ్రాయలేవా? ఏ దిక్కునకు పోవుదునని తలుపు దగ్గర నిలిచినవానికి సమాధానము చెప్పగల స్థలముగా మన గ్రంథాలయము మరియొక ఇరువదియైదేండ్లు, ఆ పైని ఇంకను వర్ధిల్లుగాక.